ఓలి లెక్కలో లేని బిడ్డ

ఈవేళ విడాకుల సంగతి మాట్లాడుకుందాం. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వేళ ఇదేం మాటమ్మా అనుకోకండి. మన మైదానాల్లో ఆ మాట వస్తే గొంతు తగ్గించి, పిల్లల్ని అవతలికి పంపి మాట్లాడుకోవటం అలవాటు. కొండమీద అలా కాదు. సంతలో, నలుగురి మధ్యా, బేరం ఆడుతూనే చెప్పేస్తారు.

అరకులో సంత శుక్రవారం. ఆ ప్రాంతంలో నేను చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఉద్యోగం అయిపోయింది గానీ సంత మీద మోజు తీరలేదు. వీలైనప్పుడల్లా వెళుతుంటాను. ఒక శుక్రవారం అడ్డాకుల కట్టలూ, కాస్త పసుపూ ముందేసుకుని కూర్చున్న ఒక కొండదొర అమ్మాయి "టీచరమ్మా!" అని కేకేసింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. వీపున గుడ్డలో పాప నిద్రపోతోంది. మీ ఆయన రాలేదా అంటే, "ఒల్లనని వచ్చేసినాను టీచరమ్మా. పెద్దలు కూకున్నారు, అయిపోనాది" అంది. మొహంలో సిగ్గూ లేదు, ఏడుపూ లేదు. నాకు మాత్రం మన లెక్కే గుర్తుకొచ్చింది. "మరి పాప ఖర్చులకి ఏమైనా ఇస్తున్నాడా?" అన్నాను. ఆ పిల్ల నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసి నవ్వింది. "ఆడిచ్చేదేటి టీచరమ్మా? మేమే ఇచ్చినాం కదా! మా అయ్య ఓలి తిరగ్గట్టినాడు."

ఆ నవ్వు నాతోపాటు ఇంటికొచ్చింది. ఎవరు ఎవరికి ఇవ్వాలి? ఎందుకివ్వాలి? ఈ లెక్క ఎప్పటినుంచి ఇలా వుంది? అప్పటినుంచీ నాకు చేతనైనంత చదివాను, అడిగాను. అదే మీతో చెప్పుకుంటున్నాను.

మన్యంలో బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, గదబలు, పోర్జాలు, కోందులు, నూకదొరలు ఇలా ఎన్నో తెగలు. ఒక్కో తెగకు ఒక్కో పద్ధతి. పక్క ఊరికి వెళితే అదే తెగలో ఇంకో పద్ధతి. అయినా ఒక మాట అందరిలోనూ వినిపిస్తుంది. పెళ్ళికి ఇచ్చేది మగపిల్లవాడి వైపువాళ్ళు. అదే ఓలి. కొంత డబ్బు, ధాన్యం, బట్టలు, ఒక్కోచోట పశువు, దానితోపాటు విందుకు మేకా, కల్లూ. మన కట్నానికి సరిగ్గా ఎదురు లెక్క అన్నమాట. ఎందుకంటే అక్కడ ఆడపిల్ల బరువు కాదు. పోడు నరికిన దగ్గర్నుంచి రాగులు కోసేదాకా, కట్టెలూ నీళ్ళూ సంత బేరమూ అన్నీ ఆమె చేతిమీదే. అలాంటి పిల్లను పంపించేస్తే పుట్టింటికి రెండు చేతులు తగ్గిపోతాయి. ఓలి ఆ రెండు చేతుల ఖరీదు. మాట మోటుగా వున్నా నిజం అదే.

కాపురం కుదరలేదనుకోండి. ఆమె పుట్టింటికి వచ్చేస్తుంది. ఊరి నాయుడూ, పెద్దలూ కూర్చుంటారు. అవతలి ఊరికి బారిక కబురు మోస్తాడు. తప్పు ఎవరిదో తేలుస్తారు. భర్తే వదిలేస్తే అతను తప్పు కడతాడు. ఆమె వచ్చేస్తే ఓలిలో కొంతో అంతో వెనక్కి వెళుతుంది. ఆమె ఇంకొకరితో వెళితే, ఆ కొత్త మొగుడే పాతవాడికి కట్టుకోవాలి. సొమ్ము చేతులు మారిందా, గొడవ అయిపోయినట్టే. ఇద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. ఆమెను ఎవరూ వేలెత్తి చూపరు. ఇది కొత్తగా వచ్చింది కాదు. థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణాది కులాలూ తెగల పుస్తకంలోనే, కొండజాతుల్లో విడిపోవటమూ, విధవ మళ్ళీ పెళ్ళాడటమూ మామూలేనని రాసివుంది.

అదే 1909లో మైదానంలో ఒక అగ్రకులపు స్త్రీ సంగతి తలచుకోండి. ఎంత నరకమైనా బయటికి దారి లేదు. కులపెద్దల ముందు విడిపోయే ఆచారం వున్న కులాలు కొన్ని వుండేవి గానీ, మిగతావారికి మద్రాసు రాష్ట్రంలో విడాకుల చట్టం వచ్చింది 1949లోనే. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం 1955లో. కొండమీది అక్కచెల్లెళ్ళు మనకంటే ఎన్ని తరాల ముందున్నారో చూశారా! ఈ మాట సభల్లో చాలామంది మెచ్చుకోలుగా చెబుతారు. నేనూ చెప్పేదాన్ని.

కానీ ఆ పంచాయితీ లెక్కను ఇంకోసారి చూడండి. ఇచ్చింది ఎవరు? మామగారు. పుచ్చుకున్నది? అల్లుడు. లేకపోతే కొత్త మొగుడు, పాత మొగుడు. సొమ్ము ఒక మగవాడి చేతిలోంచి ఇంకో మగవాడి చేతిలోకి పోతుంది. దేని గురించైతే లెక్క జరుగుతోందో ఆ మనిషి చేతిలోకి ఒక్క రూపాయి రాదు. ఇక ఆమె వీపున వున్న బిడ్డ సంగతి ఆ లెక్కలో అసలు లేనేలేదు.

ఇది మన కొండల ఒక్కటి సంగతీ కాదు. ఆఫ్రికాలో చాలా జాతుల్లో ఓలి వుంది. ఉగాండాలో ఆడవాళ్ళ సంఘంవాళ్ళు దీనిమీద కోర్టుకెక్కితే, పెళ్ళి చెడినప్పుడు ఓలి తిరిగి అడగటం రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తీర్పిచ్చింది. ఓలి ఇచ్చుకోవటం వద్దనలేదు, వెనక్కి అడగటం వద్దంది. పుట్టింటివాళ్ళు ఆ సొమ్ము ఎప్పుడో ఖర్చుపెట్టేసి వుంటారు. కట్టలేక, కూతుర్ని "సర్దుకుపో తల్లీ" అని మళ్ళీ ఆ గుమ్మంలోకే నెడతారు. ఆ వాదన చదివినప్పుడు నాకు మా సంతపిల్ల తండ్రి గుర్తుకొచ్చాడు. ఆయన ఏం అమ్మి కట్టాడో నేను అడగలేదు.

సరే, ఊరి లెక్క ఇలా వుంది. మరి ప్రభుత్వం లెక్క?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. 1830ల్లో విశాఖపట్నం, గంజాం కొండల్లో వరసగా తిరుగుబాట్లు వచ్చాయి. కంపెనీవారు రస్సెల్ అనే దొరను పంపారు. మైదానపు కోర్టులూ, ప్లీడర్లూ, చట్టాలూ ఈ కొండల్లో పనికిరావని ఆయన తేల్చాడు. 1839లో చేసిన 24వ చట్టంతో కొండ ప్రాంతాన్ని మామూలు కోర్టుల కిందనుంచి తీసేసి కలెక్టరు చేతిలో పెట్టారు. కలెక్టరు అక్కడ గవర్నరుకు ఏజెంటు. మనం "ఏజెన్సీ, ఏజెన్సీ" అంటామే, ఆ పేరు అక్కడినుంచి వచ్చిందే. 1924లో ఏజెన్సీ నిబంధనలు వచ్చాయి. వాటిప్రకారం సివిలు తగవులు వినేది జడ్జీలు కాదు, రెవెన్యూ అధికారులు: కింద ఏజెన్సీ మునసబు, పైన డివిజనల్ ఆఫీసరు, ఆపైన ఏజెంటు. కొండవాళ్ళను ప్లీడర్ల బారినుంచి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మొగుడూ పెళ్ళాల తగవు ఆ కచేరీదాకా ఎక్కడ వెళుతుంది? అది ఊరి రావిచెట్టు కిందనే తీరిపోయేది. అంటే, మగవాళ్ళ లెక్కలోనే తీరిపోయేది.

స్వాతంత్ర్యం వచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం, 1956లో వారసత్వం, మైనర్ల సంరక్షణ, దత్తత, మనోవర్తి చట్టాలు వరసగా వచ్చాయి. మన అమ్మల తరానికి అది పెద్ద పండగ. కానీ ఆ నాలుగు చట్టాల్లోనూ మొదట్లోనే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వుంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా గెజిట్లో ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలవారికి ఇవేవీ వర్తించవు అని. వారి ఆచారాన్ని గౌరవించాలని ఆ వాక్యం పెట్టారు. 2024లో ఉత్తరాఖండ్ చేసిన ఉమ్మడి పౌరస్మృతి కూడా తెగలవారిని ఇలాగే పక్కన వుంచింది. ఫలానా కుటుంబం పూర్తిగా హిందూ ఆచారాలే పాటిస్తోందని తేలితే, కొన్ని కేసుల్లో హిందూ చట్టమే వర్తిస్తుందని కోర్టులన్నాయి. అది కేసును బట్టి పోయే సంగతి.

2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు చూస్తే దీని బరువు తెలుస్తుంది. భార్య ఒరావ్ తెగ, భర్త సంతాల్ తెగ, ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు, మీ తెగలో రెండో పెళ్ళి చెల్లదన్న ఆచారం వుంటే దాన్ని మీరే రుజువు చెయ్యాలి అంది కోర్టు. ఆమె రుజువు చెయ్యలేకపోయింది. పుస్తకంలో రాయని ఆచారాన్ని ఒక ఒంటరి ఆడది కోర్టుబోనులో నిలబడి ఎలా రుజువు చేస్తుందమ్మా? ఆచారం తెలిసిన పెద్దలందరూ మగవాళ్ళే, అందులోనూ అవతలివాడి మేనమామలో, పెదనాన్నలో అయ్యుంటారు.

ఇంతవరకూ విని, అయితే కొండమీది స్త్రీకి ఏ చట్టమూ లేదన్నమాట అనుకోకండి. ఒకటుంది. దానికి పెళ్ళి ఏ పద్ధతిలో జరిగిందన్న పట్టింపు లేదు, కులమూ తెగా మతమూ లేవు. అది క్రిమినలు చట్టంలో దాక్కుని వుంది. 1898 నాటి స్మృతిలో 488వ సెక్షను. 1973లో కొత్త స్మృతి వచ్చినప్పుడు 125 అయింది. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144. నెంబరు మారింది గానీ సారం ఒకటే. తాహతు వుండి కూడా భార్యనో, బిడ్డనో, తల్లిదండ్రులనో పోషించకుండా వదిలేసినవాడిచేత మేజిస్ట్రేటు నెలనెలా డబ్బు కట్టించవచ్చు. కట్టకపోతే వారంటు, ఆపైన జైలు.

1973లో ఇందులోకి ఒక గొప్ప మాట చేరింది. భార్య అంటే విడాకులు అయి, మళ్ళీ పెళ్ళి చేసుకోని స్త్రీ కూడా అని. అంతకుముందు విడిపోతే అంతే సంగతులు. అప్పట్లో ఎంత అడిగినా నెలకు 500 రూపాయలు దాటకూడదన్న గీత వుండేది. 2001లో దాన్ని చెరిపేశారు. అర్జీ వేసుకోవటానికి భర్త ఊరు వెళ్ళనక్కరలేదు, తను వుంటున్న చోటే వేసుకోవచ్చు. అరకులోనూ, పాడేరులోనూ మేజిస్ట్రేటు కోర్టులున్నాయి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, తెగలవారికీ ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం కూడా అందరు ఆడవాళ్ళకూ వర్తిస్తుంది. దాని కిందా ఖర్చులు అడగవచ్చు, బిడ్డను తాత్కాలికంగా తన దగ్గర వుంచమనీ అడగవచ్చు.

మరి ఎందుకు ఎవరూ వెళ్ళరు? నేను ఆ పిల్లనే అడిగాను. "పెళ్ళి కాయితం ఏదీ అంటారు టీచరమ్మా, నా కాడ నేదు" అంది. నిజమే, ఓలి ఇచ్చి, కల్లు తాగి, థింసా ఆడి చేసుకున్న పెళ్ళికి ఫొటో కూడా వుండదు. అయితే 2018లో సుప్రీంకోర్టు చెప్పింది: మనోవర్తి అడిగేచోట పెళ్ళిని అంత కచ్చితంగా రుజువు చెయ్యనక్కరలేదు, ఇద్దరూ భార్యాభర్తలుగా కాపురం చేశారని తెలిస్తే చాలు. రేషను కార్డులో పేరు, ఆస్పత్రిలో కాన్పు చీటీ, అంగన్‌వాడీ రిజిస్టరు, ఓలి పుచ్చుకున్ననాడు ఎదురుగా కూర్చున్న నాయుడు, ఇవన్నీ సాక్ష్యాలే.

రెండో అడ్డంకి పెద్దది. ఈమధ్య ఊరి పంచాయితీల్లో కాగితం రాస్తున్నారు. "ఇరువురమూ ఇష్టపడి విడిపోయితిమి, ఒకరిపై ఒకరికి ఏ హక్కులూ లేవు" అని రాసి ఆమె వేలిముద్ర వేయించేస్తారు. ఇష్టపడి వేరుగా వుంటున్న భార్యకు మనోవర్తి రాదన్న మాట ఆ సెక్షనులోనే వుంది మరి. భర్త ఆ కాగితం జేబులో పెట్టుకుని ధీమాగా తిరుగుతాడు. కానీ అది ఇంకా విడాకులు కాకుండా వేరుగా వుంటున్న భార్యకు చెప్పిన మాట, విడాకులు అయిన స్త్రీకి అడ్డం కాదని సుప్రీంకోర్టు 1995లోనే అంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మన మైదానపు స్త్రీకి ఈ సెక్షనులో భార్య మాట ముఖ్యం. విడిపోయాక మన పిల్లలు మళ్ళీ పెళ్ళి చేసుకోవటం ఇంకా అరుదు కాబట్టి, ఆ మనోవర్తే ఏళ్ళతరబడి ఆధారం. కొండమీద అలా కాదు. ఏడాదో రెండేళ్ళో తిరక్కముందే ఆమెకు ఇంకో సంబంధం కుదురుతుంది. పెళ్ళయిననాడే భార్యగా ఆమె హక్కు పోతుంది. పోనివ్వండి, ఆమె కష్టపడి బతకగలదు. కానీ బిడ్డ హక్కు వేరు! అమ్మకు పెళ్ళయినా, అమ్మా నాన్నా ఏం రాసుకున్నా, అసలు వాళ్ళ పెళ్ళే చెల్లదని తేలినా, మైనరు బిడ్డను పోషించవలసిన బాధ్యత తండ్రిమీద అలాగే వుంటుంది. తల్లి వేలిముద్ర బిడ్డ హక్కును రద్దు చెయ్యలేదు. కొండమీది ఆడదానికి ఈ చట్టంలో ఎక్కువకాలం నిలిచే అండ ఇదే. ఎవరికీ తెలియనిదీ ఇదే.

బిడ్డ ఎవరి దగ్గర వుండాలి అన్నది ఇంకో చిక్కు. ఆచారం తండ్రి వంశానిది. పాలు తాగే బిడ్డ తల్లితో వుంటుంది; నడిచి, మేకలు కాసే ఈడు వస్తే తండ్రివైపు అడుగుతారు. ముఖ్యంగా మగపిల్లవాడైతే. హిందూ మైనర్ల చట్టం వీరికి లేదు కాబట్టి కోర్టుకు వెళితే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే దిక్కు. పాతదైనా అందులో ఒక మంచి సూత్రం వుంది. చూడవలసింది బిడ్డ క్షేమం. పిల్లకు ఊహ వుంటే ఆమె ఇష్టం కూడా అడగాలి. కానీ నేను బడిలో చూసినదాన్ని చెబుతున్నాను. చాలాసార్లు బిడ్డ తల్లి దగ్గరా వుండదు, తండ్రి దగ్గరా వుండదు. కొత్త మొగుడు "పరాయి పిల్ల" అంటాడు, కొత్త పెళ్ళాం "నాకెందుకు" అంటుంది. మిగిలేది అమ్మమ్మ, లేకపోతే ఆశ్రమ పాఠశాల. సెలవులిస్తే ఏ ఊరికి వెళ్ళాలో తెలియక బడి గుమ్మంలోనే నిలబడ్డ పిల్లల్ని నేను ఎరుగుదును. ఆ పిల్లలకు పుస్తకాలూ, దుప్పటీ ఎవరు కొనాలి అన్నది ఏ పంచాయితీలోనూ రాలేదు.

తండ్రి కొండవాడు కాకపోతే ఇంకో రకం తంటా. బయటినుంచి వచ్చినవారిలో కొందరు గిరిజన స్త్రీలతో కాపురాలు పెట్టారు. 1959లోనూ 1970లోనూ వచ్చిన రెగ్యులేషన్ల వల్ల ఇక్కడి భూమి గిరిజనేతరుల పేర పెట్టుకోవటం కుదరదు. భార్య పేర పెడితే కుదురుతుంది! అందుకే కట్టుకున్నవాళ్ళూ వున్నారు. వాళ్ళు పోయాక పిల్లలకు కులధ్రువీకరణ దగ్గర పేచీ, తండ్రిది కదా కులం అని. 2012లో సుప్రీంకోర్టు ఆ పట్టు సడలించింది. బిడ్డను తల్లే తన తెగలో పెంచి, ఆ తెగవాళ్ళ కష్టాలన్నీ ఆ బిడ్డా పడివుంటే, తల్లి తెగ బిడ్డకు రావచ్చని అంది.

ఇంత చెప్పి, అందరూ కోర్టులకు వెళ్ళండి అనటం లేదు. కొండ దిగి, బస్సెక్కి, వాయిదాకు వాయిదా తిరగటం అంటే ఒక్కోసారి ఒక సంత పోయినట్టే, కూలి పోయినట్టే. నిజం చెప్పాలంటే ఊరి పెద్దలకు తెలిసినట్టు మేజిస్ట్రేటుకు తెలియదు. వాడికి కాఫీ ఎన్ని మొక్కలున్నాయో, ఈ ఏడు వలిసెలు ఎంత పండాయో, ఎవరికి ఎంత బాకీవున్నాడో ఊరికి తెలుసు. 1996లో వచ్చిన పీసా చట్టం, తగవులు తీర్చుకునే ఆచార పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. గ్రామసభ అంటే ఆడవాళ్ళు కూడా. ఓలి ఎంత వెనక్కి పోవాలి అని తేల్చే ఆ కాగితంలోనే, బిడ్డకు ఏటా ఎన్ని కుంచాల రాగులు, కాఫీ సొమ్ములో ఎంత, బట్టలు ఎవరు కొనాలి, సెలవులకు ఎవరింటికి వెళ్ళాలి అని నాలుగు వాక్యాలు రాయమంటే ఎవరు కాదంటారు? అడిగేవాళ్ళు లేకే రాయటం లేదని నా అభిప్రాయం. అవతలివాడు తప్పాడా, అప్పుడు మేజిస్ట్రేటు వుండనే వున్నాడు. ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది.

తరవాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. ఆ పిల్ల అక్కడే వుంది, పాప లేచి వుంది, పసుపుకొమ్ము నోట్లో పెట్టుకోబోతుంటే లాగేస్తోంది. నాకు తెలిసిందంతా చెప్పాను. చాలాసేపు ఆకులు లెక్కపెడుతూనే వింది. ఆఖరున, "పాప పేరునే కదా టీచరమ్మా అడిగేది? రేపు నాకు మనువైతే ఆ డబ్బులు తిరిగియ్యమని అడగరు కదా?" అంది.

అడగరమ్మా అన్నాను.

"అయితే మా నాయుడితో ఓ పాలి సెప్పు, నువ్వు సెప్తే ఇంటాడు" అని, అమ్ముడుపోని రెండు కట్టలు నా సంచిలో పడేసి, జీపు వెళ్ళిపోతోందని పాపను వీపునేసుకుని పరుగెత్తింది.